అందరి కుండ

"ఏందమ్మాయ్, మా చేతి నీళ్ళు నీ గొంతు దిగవా?" ఏసురత్నం చెంబు నేలకేసి కొట్టాడు.

ఎండిపోయిన సాగర్ కాలువ కట్ట మీద, వీపున సంచితో తూలుతూ వస్తున్న హరితను చూసి పొలంలోంచి పరుగెత్తుకొచ్చి నీళ్ళిస్తే, ఎండిన పెదాలు నాలుకతో తడుపుకుంటూనే వద్దంది. వాళ్ళ వైపు అలా వద్దంటే కులం చూసినట్టే, ఇంకో అర్థం లేదు.

"అది కాదు బాబాయ్. ఎవరి సాయమూ లేకుండా, అందరికంటే తొందరగా ఈ కట్ట పొడుగునా నడిచి రికార్డు కొట్టాలి. నా ఒక్కదాని కోసం ఎవరేమిచ్చినా పుచ్చుకోకూడదు."

"చచ్చాక ఎవత్తికిస్తారు రికార్డు?"

"చలివేంద్రంలో అయితే తాగొచ్చు. అది అందరిదీ కదా."

ఏసురత్నం బుసకొడుతూ పొలం పాకలోంచి కుండా గ్లాసూ తెచ్చి కట్ట మీద దించాడు. "ఇదిగో చలివేంద్రం. తాగు!"

"ఎవరొచ్చినా పోస్తావా?"

"పోస్తా!"

అప్పుడే బండి ఆగింది. దిగినవాడు వీరయ్య. పోయిన నెల ఏసురత్నం పొలంలోకి గట్టు జరిపి, అడిగితే గొడ్డలి ఎత్తినవాడు.

"నాక్కూడా పోస్తావేంది, రత్నం?" అన్నాడు వెటకారంగా.

"నీకు నా చేత్తో నీళ్ళా..." అనబోయి ఏసురత్నం ఆగిపోయాడు. ఇందాక తను ఎందుకు చెంబు విసిరాడో గుర్తొచ్చింది. హరిత కుండ వైపే చూస్తోంది.

పళ్ళు నూరుతూ గ్లాసు ముంచి వీరయ్య చేతిలో కుక్కాడు. "తాగి చావు. గట్టు సంగతి రేపు తేలుస్తా."

రెండో గ్లాసు హరిత తనే ముంచుకుంది.