వంటగట్టు ఎత్తు

డిజైన్ కాలేజీలో చేరిన మొదటివారమే హంసిని ఇల్లు దిద్దడానికి నడుం కట్టింది. "వస్తువు మనిషికి తగ్గట్టుండాలమ్మా! నువ్వు చూడు, కూర తరగాలంటే కొడవలిలా వంగిపోతున్నావు," అంది తల్లి వసుంధరతో.

ఆ వంటగట్టు వసుంధర అత్తగారు భ్రమరాంబగారి పొట్టి ఎత్తుకి తనంతట తానే దిగిన తెలివైన గట్టు. ఆవిడ గొంతుతో చెబితే తప్ప మారదు. ఆవిడ పోయి పది నెలలైంది; ఆ కబురు గట్టుకి చెప్పడానికి మాత్రం ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు.

"నానమ్మ గొంతు నీకు బాగా వచ్చుగా, కానియ్యి," అంది హంసిని.

అత్తగారు వినకుండా పక్కింటివాళ్లను నవ్వించిన గొంతే అది. వసుంధర సవరించుకుంది. "ఏవే, కాస్త పైకి లే."

"అలాగేనండీ భ్రమరాంబగారూ," అంది గట్టు వినయంగా. "'కోడలికి నడుం నొప్పిగా ఉంటోంది, నేను పోయాక దాని ఎత్తుకి పెంచు' అని కిందటేడు మీరే చెప్పారు. పోయారాండీ?"

హంసిని నవ్వబోయి ఆగిపోయింది.

వసుంధర కత్తి అందుకుంది.

"ఇంకా లేదే," అంది అత్తగారి గొంతుతోనే, వంగి బెండకాయలు ముందుకు లాక్కుంటూ.