ఆదాయం సారు

“ఎద్దులను వాగు దిక్కు తోలు, జల్దీ! సారు వచ్చే యాళ్లయింది” అంటూ గోరి మొగుణ్ణి తొందరపెట్టింది.

జైరాంకు మండిపోయింది. తన ఎద్దుల జత గురించి తండా అంతా గొప్పలు చెప్పుకుంటూ తిరిగే మనిషి. వాటిని తన చేతులతో తానే దాచిపెట్టుకోవడమా?

“దాచిపెట్టుడెందుకు? దొంగ సొమ్మా అవి?”

“పొద్దున నువ్వు పొలం పోయినంక ఫోనొచ్చింది. ఆదాయం సర్టిఫికెట్ కోసం ఇయ్యాలనే ఇల్లు చూడ వస్తరంట. ఎద్దులు, మోటారు బండి, టీవీ చూస్తే ఉన్నోళ్లని రాసుకుంటరు. ఇగ పిల్లకు స్కాలర్‌షిప్ యాడికెళ్లి వస్తది?”

తలుపు పట్టుకుని వాళ్ల కూతురు ఉషారాణి నిలబడి ఉంది. ఖమ్మంలో నర్సింగ్ సీటు వచ్చింది. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు అన్నీ ఉన్నాయి, ఆ ఒక్క సర్టిఫికెట్ తప్ప. గడువు ఈ వారంతో సరి. అది రాకపోతే తన తమ్ముడు హరిలాల్ చెప్పిన సంబంధానికి ఊకొడతానని జైరాం ముందే తేల్చేశాడు.

“బాపూ, నీ కాళ్లు మొక్కుతా” అంది ఆ పిల్ల.

 జైరాం ఎద్దులను వాగు దాటించి అడవి అంచుకు తోలాడు. మోటారు సైకిల్ తీసుకెళ్లి స్నేహితుడు భద్రు ఇంట్లో పెట్టాడు. గోరి టీవీ మీద గోనెసంచి కప్పింది. అంతటితో ఊరుకోక, మొగుడి చొక్కా విప్పించి మిర్చి తోటకు వేసుకునే చిరుగుల బనీను తొడిగించింది.

మధ్యాహ్నం బండి మీద ఇద్దరు దిగారు. పెద్దాయన తెల్ల చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకున్నాడు. “ఊరికెనే, ఇల్లూ వాకిలీ ఒకసారి చూసి పోదామని వచ్చినం” అన్నాడు, అదీ లంబాడీలోనే.

“సారు మనోడేనే!” అని జైరాం పెళ్లాం చెవిలో గుసగుసలాడాడు. ఇక పనైపోయినట్టేనని అతని ధీమా. సర్కారు మనుషులు అసలు సంగతి ముందుగా బయటపెట్టరని కూడా అతనికి తెలుసు.

మంచం వాల్చాడు. పెద్దాయన కూర్చోకుండా ఇంటి వెనక్కి వెళ్లి ఖాళీ కొట్టం చూసి వచ్చాడు.

“ఎద్దులు లేవా?”

“ఎద్దులా? కోడిపిల్ల సుత లేదు సారూ.”

అంతలో జైరాం కోడిపుంజు దర్జాగా గడప ఎక్కింది.

“అది పక్కింటోళ్లది” అన్నాడు జైరాం తొణక్కుండా.

“మరి పొలం?”

“రెండెకరాల పోడు. వానొస్తే పండుతది. పండితే అడివిపందులు తింటయి.”

“అప్పులేమన్న ఉన్నయా?”

“అవి మస్తున్నయి! ఈ తండాల నా అంత అప్పులోడు లేడు సారూ!”

గొప్పలకు అలవాటు పడిన నోరు మరి, లేమిని కూడా గొప్పగానే చెప్పుకుంది. వచ్చినవాళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు.

ఉషారాణి చెంబుతో నీళ్లు తెచ్చింది. పెద్దాయన ఆమెను కాసేపు చూసి, “ఏం చదివినవ్ బిడ్డా?” అన్నాడు.

“ఇంటర్ అయింది సారూ. నర్సింగ్ సీటొచ్చింది.”

“ఇంకా చదువుతవా?”

రోజూ పొద్దున ఖమ్మం బస్సు హారన్ కొట్టుకుంటూ పోతుంటే, అందులో కిటికీ పక్కన తాను కూర్చున్నట్టు ఊహించుకునే పిల్ల అది. బస్సు వెళ్లిపోయాక కూడా చాలాసేపు రోడ్డు వైపే చూస్తూ నిలబడేది. 

“చదువుతా సారూ. నాకు చదువుకోవాలని మస్తుంది. మీ చేతులనే ఉంది. మీరు దయ చూస్తే పోత, లేకుంటే లేదు.”

పెద్దాయన ఇబ్బందిగా కదిలాడు. నీళ్లు తాగి చెంబు కింద పెట్టాడు.

“మంచిగ చదువుకో బిడ్డా. మేమేం అడ్డం రాం” అని లేచాడు. బండి దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

“ఎట్ల చెప్పిన?” అంటూ జైరాం మీసం దువ్వుకుని ఎద్దులను తోలుకురావడానికి బయలుదేరాడు.

ఉషారాణికి మాత్రం గుబులు పట్టుకుంది. వాకిట్లోనే కూలబడింది.

“యాడీ, ఆయన ఆధార్ అడగలే. పేరన్నా రాసుకోలే. జేబుల పెన్ను తీయనే లేదు. ఇగ సర్టిఫికెట్ రాదు. నా సీటు పోయినట్టే” అని తల్లి ఒడిలో తలపెట్టి ఏడ్చింది.

మొగుడు మలుపు దాటేదాకా గోరి అటే చూసింది. తర్వాత కూతురి జుట్టు నిమిరింది.

“గా బస్సును చూసుకుంటనే నా వయసంత అయిపోయింది. నిన్ను గట్ల కానిస్తనా? ఊకో. ఆదాయం సారు నిన్ననే మిర్చి తోట కాడికొచ్చి రాసుకొని పోయిండు. ఎద్దులున్నయ్, బండి ఉన్నది అని ఉన్నది ఉన్నట్టే చెప్పిన. అయినా మీకు వస్తది పో అన్నడు.”

ఉషారాణి ఏడుపు ఆపి తలెత్తింది.

“మరి ఇప్పుడొచ్చి పోయిందెవరే?”

“హరిలాల్ కాక పంపిన పెళ్లోళ్లు.”