ముప్ఫై చుట్లు తక్కువ

ఆ రోజుల్లో ఊరూరా, కోడిపందేల్లా, కత్తులు కట్టిన యంత్రాల పందేలే. ఇంటింటా ఆడవాళ్లు పాత ఫ్యాను మోటార్లకు రాగితీగ చుట్టి, పందెం యంత్రాలకు చవగ్గా తిరుగుడు కత్తులు తయారుచేసేవాళ్లు. హైమ కూడా బడి నుంచి రాగానే తీగ చుట్టేది.

ఈసారి నాన్న తమ కలుపు యంత్రాన్నే పందెంలోకి దించాడు. అది విరిగితే హైమ బడి మానేసి మిరపతోటలో కలుపు తీయాలి. ఎదుటి యంత్రానికి కత్తి చేసే పని కూడా వాళ్లింటికే వచ్చింది. హైమకు రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి ఆ కత్తి మోటారుకు ముప్ఫై చుట్లు తక్కువ చుట్టింది.

బరి దగ్గర ఇక ఆగలేక అమ్మ చెవిలో చెప్పేసింది.

"వాళ్ల కత్తి నీరసంగా తిరుగుద్దిలే అమ్మా. చుట్లు తగ్గించా."

అమ్మ బిత్తరపోయింది. "ఓసి పిచ్చిమొహమా! చుట్లు తగ్గితే వేగం పెరుగుద్దే! మోటారు మాడేది తర్వాత, ముందు మనదాన్ని కోసేసిద్ది."

"అయితే చెప్పి ఆపిద్దాం."

"పదిమందిలోనా? రేపు మనకెవరు పనిస్తారే?"

కత్తి అప్పటికే కీచుమంటూ తిరుగుతోంది. బడిలో హాజరు కూడా గొణుగుతూ పలికే హైమ, తాడు కింద నుంచి దూరి బరి మధ్యకు పరిగెత్తింది.

"ఆపండి! ఆ కత్తి నేనే చెడగొట్టాను!"