ఈమధ్య దెయ్యాలు భయపెట్టడం లేదు

"శబ్దం పెంచితే భయం పుడుతుందనుకుంటున్నారు ఆంటీ ఇప్పటి డైరెక్టర్లు," అంది నిరుపమ. "అరగంట చప్పుడు లేకుండా నడిపిస్తారు. ఉన్నట్టుండి చెవి పక్కన తలుపు ధడాలుమని వేస్తారు. అది భయం కాదు, ఉలికిపాటు. ఆ మాత్రం మా ఇంట్లో టోస్టర్ కూడా చేస్తుంది."

"ఇంకా చెప్పమ్మా," అంది గ్రేసమ్మ.

థియేటర్లో చలిగా ఉంది. పొద్దున ఎనిమిదిన్నరకే వచ్చేశారు. హైదరాబాద్‌లో క్లాసులు ఎగ్గొట్టి మార్నింగ్ షోలకు పరిగెత్తిన రోజులు పోయాక, ఇంత పొద్దున్నే థియేటర్‌కి రావడం నిరుపమకు ఇదే మొదలు. ఎదురుగా నీలం తెర. దాని మీద చూడ్డానికి ఏమీ లేదు. వెనక ఇద్దరు ముగ్గురు ఇంగ్లీషులో గుసగుసలాడుకుంటున్నారు.

ఆమె భర్త మహిధర్ బయటే ఆగిపోయాడు. పెళ్లయిన నాలుగేళ్లలో ఆమెతో కలిసి ఒక్క హారర్ సినిమా కూడా పూర్తిగా చూసింది లేదు. రక్తం కనబడితే చాలు, కళ్లు మూసుకుంటాడు. "నువ్వు వెళ్లు, నేను కాఫీ తాగుతూ ఉంటా," అన్నాడు. చేతిలో కప్పు లేదు.

నిరుపమ ఎనిమిదేళ్ల కిందట చదువుకోడానికి దేశం దాటి డునెడిన్ వచ్చింది. ఇప్పుడు ఒక పాల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తోంది. వారానికి రెండు హారర్ సినిమాలు చూసి, ఆదివారం తెలుగులో ఒక వీడియో పెడుతుంది. రెండు వేల మంది చూస్తారు. అందులో సగం మంది తిట్టడానికే వస్తారు. ఆ తిట్లూ ఆమెకు ఇష్టమే.

గ్రేసమ్మది బాపట్ల. ఇరవై ఏళ్లుగా ఇక్కడే నర్సు. ఆమెకు సినిమాలే పడవు, అందులో దెయ్యాల సినిమాలంటే పేరెత్తనివ్వదు. అలాంటిది పోయిన వారం తనే ఫోన్ చేసి, "నువ్వు గంటసేపు ఆపకుండా మాట్లాడగలిగే విషయం ఏంటమ్మా?" అని అడిగింది.

"హారర్ సినిమాలు ఆంటీ."

"వంటలు?"

"రావు."

"పోనీ మొక్కలు?"

"నా చేతిలో బతకవు."

"సరే, ఆ పాడు సినిమాలే కానియ్. కానీ తెలుగులోనే చెప్పాలి. ఇంగ్లీషులోకి దిగావంటే ఊరుకోను."

ఇప్పుడు ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, నిరుపమ చెయ్యి పట్టుకుని మరీ వింటోంది.

"మరి నెత్తురు చూపిస్తారట కదా, దానికి భయం వెయ్యదా?"

"నెత్తురుకి భయమేంటి ఆంటీ? కొయ్యడం, కుట్టడం, పేగులు లాగడం, అదంతా మటన్ కొట్టు వ్యవహారం. పది నిమిషాలయ్యాక ఆవలింత వస్తుంది. అంతకంటే కొత్త గోల ఇంకోటుంది. ఈమధ్య ప్రతి దెయ్యానికీ మనసు బాలేదు. చిన్నప్పుడు ఎవరో ఏదో అన్నారు, అందుకే పట్టిందంటారు. రెండు గంటలు కూర్చుని చూస్తే చివరికి తేలేది, దానికి కౌన్సెలింగ్ కావాలని."

గ్రేసమ్మ నవ్వాపుకుంది. "ఇక్కడివాళ్లు తియ్యరా?"

"తీస్తారు. కివీ దెయ్యం గోడలోంచి వచ్చి ముందు సారీ చెబుతుంది."

"మనవాళ్లో?"

"మనవాళ్లకి ఫ్లాష్‌బ్యాక్ లేకపోతే కుదరదు. పగ తీరగానే పొగైపోయి ఆకాశంలోకి పోవాలి. పాత సినిమాలే నయం. కారణం చెప్పేవాళ్లు కాదు. తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని, అలా నడుచుకుంటూ వచ్చేది... అది..."

నిరుపమ ఆగింది.

"ఏది?" అంది గ్రేసమ్మ.

"అదే ఆంటీ. చచ్చిపోయాక వస్తుందే... అది."

తెల్లచీర కనబడుతోంది. జుట్టు కనబడుతోంది. దాని పేరు లేదు. నాలుక చివర ఆగినట్టు కూడా లేదు, ఆ మాట ఉండాల్సిన చోటంతా ఖాళీ. ఇంగ్లీషు మాట ఒకటి చటుక్కున వచ్చి నిలబడింది. తెలుగుది రాలేదు.

గ్రేసమ్మ కుడిచెయ్యి పైకెత్తింది. వెనక గుసగుసలు ఆగిపోయాయి.

"కంగారు పడకు తల్లీ. ఏమంటారు దాన్ని?"

నిరుపమకు ఖమ్మంలో అమ్మ గుర్తొచ్చింది. అమ్మకి ఇంగ్లీషు రాదు. రోజూ సాయంత్రం ఫోన్లో గంటసేపు సోది. అదంతా ఏ భాషలో చెప్పుకోవాలి ఇక? మహిధర్‌తో ఏ భాషలో పోట్లాడాలి? ఆమె గ్రేసమ్మ చేతిని గట్టిగా పట్టుకుంది.

ఒకటి, రెండు, మూడు క్షణాలు.

"దెయ్యం," అంది నిరుపమ.

"దేవునికి స్తోత్రం!" అంది గ్రేసమ్మ. ఆ మాట విని ఆమె స్తోత్రం చెప్పడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. "మళ్లీ అను."

"దెయ్యం."

"ఇంకోసారి."

"దెయ్యం, కొరివిదెయ్యం, పిల్లదెయ్యం. చాలా ఆంటీ?"

గ్రేసమ్మ తలెత్తి వెనకవాళ్లతో ఇంగ్లీషులో గబగబా రెండు ముక్కలు చెప్పింది. "సారీ," అంది ఒక మగ గొంతు. మళ్లీ గుసగుసలు మొదలయ్యాయి.

తర్వాత ముప్పావుగంటలో నిరుపమ పదకొండు సినిమాలను చీల్చి చెండాడింది. చీకట్లో తీసి ఏమీ కనబడనివ్వనివాటిని, కల అని చెప్పి మోసం చేసినవాటిని, మూడో భాగం ఉందని బెదిరించినవాటిని. ఒక్క మాటకీ తడుముకోలేదు. గ్రేసమ్మ ప్రతిదానికీ తలూపింది.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పు," అంది చివరికి. "నీకసలు ఎప్పుడైనా భయం వేసిందా?"

"వేసింది."

"ఏ సినిమాకి?"

"సినిమాకి కాదు. ఇందాక, ఆ మాట దొరకనప్పుడు."

గ్రేసమ్మ కళ్లు తడిగా ఉన్నాయి. వెనకవైపు చూసి, చిన్నగా తలూపింది.

నిరుపమ మాట ఎక్కడా పోలేదని తేలాక, వెనకనున్న సర్జన్ ఆమె మెదడులోంచి గడ్డ చివరి ముక్క తీశాడు.