చివర కాస్త సాగదీయాలి

కాంపౌండరు గుమ్మంలో నిలబడి ఆ పేరు పిలిచాడో లేదో, ముగ్గురు తల్లులు ఒక్కసారే లేచారు.

"మాదే!"

"మీదెలా అవుతుంది? మేం వచ్చి కూర్చున్నాక కదా మీరు చెప్పులు విప్పింది!"

"అసలు ఆ పేరు ముందు పెట్టిందే మేం!"

కాంపౌండరు తల పట్టుకున్నాడు. "మూడేళ్ల కిందట ఈ పేరు విన్నవాడే లేడు. ఇప్పుడు రాయి విసిరితే ఈ పేరున్న పిల్లకే తగిలేలా ఉంది!"

బెంచీల మీద జనం నవ్వారు. నిజానికి నవ్వాల్సిన సంగతి కాదు. ఎక్కడో వేరే ఊళ్లో, బజారులో తప్పిపోయిన రెండేళ్ల పసిదాని పేరది. టీవీవాళ్లు నెల పొడుగునా ఆ పేరే జపించారు. పిల్ల దొరకలేదు. పేరు మాత్రం జనం నోళ్లలో నాని, ముద్దొచ్చి, పుట్టిన ప్రతి ఆడపిల్లకూ అంటుకుంది. లోకానికి సిగ్గెక్కడిది?

మూల బెంచీ మీద టైలరమ్మ కూతుర్ని గట్టిగా పొదువుకుంది. ఆ పేరు చెవిన పడితే చాలు, ఆమె చెయ్యి దానంతటదే పాప చుట్టూ బిగుసుకుంటుంది. ఏ తల్లికి భయం ఉండదు?

"మీ పాపదీ అదేనా?" పక్కావిడ అడిగింది.

"అబ్బే, కాదండీ. మాది వీధికి నలుగురికుండే పేరే."

పాప ఒళ్లు పెనంలా కాలిపోతోంది. పొద్దున ఒకసారి ఫిట్స్ వచ్చి కళ్లు తేలేసింది. అప్పటినుంచీ టైలరమ్మ ప్రాణం ప్రాణంలో లేదు. మొక్కని దేవుడు లేడు.

"నాయనా, ఆ పేరు అట్లా పుల్ల విరిచినట్టు పలక్కూడదు."

తలుపు దగ్గర మనవణ్ణి భుజాన వేసుకున్న, ఊరికి కొత్తగా కనిపిస్తున్న ముసలావిడ అంది.

"టీవీలో ఇలాగే అన్నారు కదమ్మా!" అన్నాడు కాంపౌండరు.

"వాళ్లు మొదట్నుంచీ తప్పే పలికారు. చెప్పినా వినలేదు."

"ఒప్పేదో మీకెలా తెలుసు?"

"పెట్టింది నేనే. తప్పిపోయింది మా పెద్దమ్మాయి కూతురే."

 పోట్లాడుతున్న ముగ్గురూ తప్పు చేసినట్టు తలలు దించుకున్నారు.

టైలరమ్మ లేచింది. కొంగు తీసి పాప మొహం మీద కప్పింది.

"ఎక్కడికమ్మా? తర్వాత నువ్వే కదా!" అన్నాడు కాంపౌండరు.

వెళ్లిపోతే? దారిలో మళ్లీ ఫిట్స్ వస్తే? కొంగు కింద ఆ చిన్న గుండె పిచ్చుకలా కొట్టుకుంటోంది. బిడ్డ బతకాలి, అంతే. టైలరమ్మ మళ్లీ కూర్చుంది.

ముగ్గురు తల్లుల్లో ఒకావిడ ముసలావిడ దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుంది. "ఎలా పిలవాలో చెప్పండమ్మా. మా పాపనీ అలాగే పిలుచుకుంటాం."

"వద్దు తల్లీ. అది పోయినప్పటినుంచీ నోరారా పిలవలేదు. నోరు పెగలదు."

"ఒక్కసారి, అమ్మా."

ముసలావిడ మనవణ్ణి భుజం మార్చుకుంది. "చివర కాస్త సాగదీయాలి," అంది, తనలో తను అనుకున్నట్టు. తర్వాత కళ్లు మూసుకుని, పెరట్లో ఆడుకుంటున్న పిల్లను అన్నానికి పిలిచినట్టు, గొంతెత్తి పిలిచింది.

కింద బొమ్మ కారు కోసం కొట్టుకుంటున్న, ఆ పేరున్న ముగ్గురు చిన్నారుల్లో ఒక్కరూ తల తిప్పలేదు.

టైలరమ్మ కొంగు కింద పాప మాత్రం జ్వరం మగతలో కదిలింది.

"వస్తున్నా అమ్మమ్మా!"