ఇరవై ఏడో పుట్టినరోజు

ఆగస్టు పదిహేనుకు ఇంకా రెండు రోజులున్నాయి. రాజక్క అప్పటికే కేకు గురించి మూడుసార్లు ఫోన్ చేసింది.

“ఇరవై ఏడు ముక్కలు సమంగ రావాలె బిడ్డా. పోయినేడు తనకు క్రీమ్ రాలేదని యాకయ్య యాడాదంత సతాయించిండు.”

దీప నవ్వి సరేనంది. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం చేసే దీపకు ఈసారి వేడుక బాధ్యత అప్పగించారు. అప్పగించింది కూడా రాజక్కే. హసన్‌పర్తి పక్కన ఉన్న ఆ ఊళ్లో రాజక్క చెప్పాక ఇక మాట ఉండదు.

ఆ ఊరికి ఒక వింత ఉంది. యాభై ఆరేళ్ల వాళ్లలో ఇరవై ఏడుగురి పుట్టినరోజు ఒకటే, ఆగస్టు పదిహేను. ఆ పుణ్యం దీప తాత కిషన్ రావు సారుది. పంతొమ్మిది వందల డెబ్బై అయిదులో, తనిఖీకి పెద్ద అధికారి వస్తున్నాడని తెలిసి, ఆయన ఒక్క పొద్దుటే వాడవాడా తిరిగి పిల్లల్ని పోగు చేశాడు. చెయ్యి తలమీదుగా తిప్పి అవతలి చెవి అందుకున్నవాళ్లందరినీ బడిలో కూర్చోబెట్టాడు. పుట్టినతేదీ అడిగితే ఒక తల్లి మక్క కంకులు ఇరిచే కాలమంది, ఇంకో తల్లి చెరువు అలుగు పోసిన నాడంది. సారు విసిగిపోయి అందరికీ జెండా పండుగ తేదీ రాసేశాడు. జీవితాంతం ఎవరూ మరిచిపోరు, మిఠాయి కూడా ఊరికే దొరుకుతుందని.

అలా చదువుకున్నవాళ్లలో కండక్టర్లయ్యారు, నర్సులయ్యారు, ఒకాయన తహసీల్దారు కూడా అయ్యాడు. ఏటా జెండా ఎగరేశాక అందరూ బడి ఆవరణలో కలిసి ఒకే కేకు కోస్తారు. సారుకు శాలువా కప్పి కాళ్లకు మొక్కుతారు.

దీప ఈసారి పెద్ద ఫ్లెక్సీ వేయిద్దామనుకుంది. పైన ఆగస్టు పదిహేనున ప్రపంచంలో జరిగినవి. దేశానికి స్వాతంత్ర్యం, కొరియాకు విముక్తి, పనామా కాలువ ప్రారంభం, అరవిందుల జననం, నెపోలియన్ జననం. కింద ఈ ఊరి జననాలు, ఒక్కొక్కరి ఫొటో, పక్కనే పాత అడ్మిషన్ రిజిస్టరులో వాళ్ల పేరున్న వరుస.

నమూనా ముందుగా బ్యాచ్ వాళ్లకు చూపిస్తే హుసేన్‌బీ ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

“ఈ నెపోలియన్‌కు గూడ కిషన్ రావు సారే రాసిండా?”

రాజక్క మాత్రం వంగి వంగి నవ్వి, వెంటనే పనిలో పడింది. పేర్ల జాబితా అంతా ఆమే చెప్పింది, కాగితం చూడకుండా. హుసేన్‌బీ రెండో వరుస, యాకయ్య తలుపు పక్కన, ఓంప్రకాశ్ గోడకు ఆనుకుని నిద్రపోయేవాడు. పంతొమ్మిదో ఎక్కం ఇప్పటికీ తడుముకోకుండా అప్పజెప్పగలిగేది బ్యాచ్ మొత్తంలో ఆమె ఒక్కతే. సారు చేతి దెబ్బలు ఎవరెవరు ఎన్ని తిన్నారో కూడా చెప్పింది.

“నన్ను మాత్రం ఒక్కనాడు గూడ కొట్టలే” అంది గర్వంగా. యాకయ్య చాయ్ తాగుతూ ఎటో చూశాడు.

ఫ్లెక్సీ కోసం అందరూ తమ పాత మార్కుల మెమోలు తెచ్చిచ్చారు. రాజక్క తనవి ఎలుకలు కొట్టేశాయంది. ఫికర్ లేదు, రిజిస్టరు ఉంది కదా అంది దీప.

పద్నాలుగో తేదీ పొద్దున హెడ్మాస్టరు మల్లికార్జున్ బీరువా తీసి రిజిస్టరు బల్లమీద పెట్టాడు. దీప ఒక్కొక్క పేరూ వెతికి ఫొటో తీసుకుంది. ఇరవై ఆరు దొరికాయి. ఇరవై ఏడోది దొరకలేదు. ముందు పేజీలు చూసింది, వెనక పేజీలు చూసింది, తర్వాతి సంవత్సరం కూడా చూసింది. ఎక్కడా రాజక్క లేదు.

ఫ్లెక్సీ షాపువాడు సాయంత్రం నాలుగులోపు ఫైలు పంపమన్నాడు. రాజక్క ఫొటో పక్కన రిజిస్టరు వరుస పెట్టాల్సిన డబ్బా ఖాళీగా ఉంది. అన్ని పేర్లూ చెప్పిన మనిషి పేరే లేకపోతే రేపు ఊరి ముందు ఆమె మొహం ఎలా ఉంటుందో దీప ఊహించుకుంది. హన్మకొండ బ్యాంకులో పనిచేసే సారు కూతురు, తన తల్లి రమకు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

అవతల రమ, “రాజక్క పేరు లేకుంటే అసలు ఫ్లెక్సీయే వద్దు” అని పెట్టేసింది.

దీప మధ్యాహ్నానికి తాత ఇంటికి వెళ్లింది. కిషన్ రావు వరండాలో కుర్చీ వేసుకుని, రేపు మాట్లాడబోయే నాలుగు ముక్కలు కాగితంమీద రాసుకుంటున్నాడు. దీప ఆయన పక్కన స్టూలు లాక్కుని కూర్చుని ఫోన్‌లో రిజిస్టరు ఫొటోలు చూపించింది. ఒక పేజీ చినిగిపోయి ఉంటుందని, రాజక్క ఈ బడిలోనే చదివిందని తాత ఒక్క ఉత్తరం రాసిస్తే ఆ డబ్బాలో అది పెడతానని చెప్పింది.

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. వేళ్లతో పెద్దది చేసుకుంటూ ఇరవై ఆరు పేర్లూ నింపాదిగా చదివాడు. కొన్ని పేర్ల దగ్గర ఆగి నవ్వుకున్నాడు. చివరికి ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

“పేజీ ఏం చినగలే. రాజక్క పేరు నేనే రాయలే.”

“ఎందుకు తాతా?”

కిషన్ రావు ఆమె వైపు ఆశ్చర్యంగా చూశాడు, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

“దాన్ని గూడ అందరితోని లోపల కూసోబెడితే, సంటిపిల్ల, మీ అమ్మను బయట ఎవరెత్తుకుంటుండె బిడ్డా?”