కుంకుడు నీళ్లు

కోటేష్ ఆయా సఫూరాను జుట్టు పట్టుకుని అంగన్‌వాడీ అరుగు మీంచి కిందికి ఈడ్చాడు.

"ఏం పెట్టి కడిగావే? నా బిడ్డ నోట్లోంచి నురగ వస్తోంది!"

ఇందాకే అతడి నాలుగేళ్ల కూతురు తేజశ్రీ అంగన్‌వాడీ గదిలో ఆడుతూ ఆడుతూ పడిపోయింది. తల్లి శివపార్వతి ఆటోలో అద్దంకి ఆస్పత్రికి తీసుకెళ్లింది. బతుకుతుందో లేదో తెలియదు. కబురు విని చేలోంచి పరుగెత్తుకొచ్చిన కోటేష్‌కు కోపంతో ఒళ్లు తెలియడం లేదు.

"కుంకుడు రసం బాబూ... నిమ్మచెక్కలు..." సఫూరా గొణిగింది.

అదే అతడికి మండింది. పసివాళ్లు నేల మీద దోగాడి చేతులు నోట్లో పెట్టుకుంటారని ఈవిడ ఫినాయిల్, యాసిడ్ మానేసింది. ఘాటు లేనిది శుభ్రమెలా అవుతుందని అతడు మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు. వింటేగా! పైగా ఇవాళ మిగతా పిల్లలందర్నీ ఎండలో కూర్చోబెట్టి, గది తలుపు మూసేసింది.

"లోపలేం దాచావే?"

"లోపలికి... ఎవర్నీ పోనివ్వకు."

డొక్కలో తన్నాడు. ఆమెకు చెమటలు ధారగా కారుతున్నాయి. చేతులు వణుకుతున్నాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే మరి, అనుకున్నాడు కోటేష్. మళ్లీ తన్నాడు. పెదవి చిట్లి నెత్తురొచ్చింది.

"ఒరేయ్, చంపేస్తావా ఏంట్రా?" పక్కింటి చెంచురామయ్య అడ్డొచ్చాడు.

"నా బిడ్డకేమన్నా అయితే దీన్ని చంపే తీరతా బాబాయ్!"

ఒక్క తోపుకి ముసలాయన గోడకు కొట్టుకుని కూలబడ్డాడు.

తుడుపుగుడ్డ నానేసిన బకెట్ అరుగు మీదే ఉంది. కోటేష్ దాన్ని ఎత్తాడు.

"కుంకుడు రసమే అయితే తాగు!"

"వద్దు బాబూ... గది తుడిచిన నీళ్లవి..."

దవడలు నొక్కి గొంతులో పోశాడు. పొలమారింది, కక్కుకుంది. మళ్లీ పోశాడు. సఫూరా కళ్లు తేలేసింది. చుట్టూ మూగిన జనంలో దగ్గరికొచ్చే దమ్ము ఒక్కరికీ లేకపోయింది.

జేబులో ఫోన్ మోగింది. శివపార్వతి.

"పాప ఎలా ఉందే?"

"ఇంకా కళ్లు తెరవలేదు." ఆమె ఏడుస్తోంది. "తెల్లారకముందే నువ్వు చీమలు చావాలని అంగన్‌వాడీ కిటికీలోంచి కొట్టొచ్చావే మిరప చేలో కొట్టే పురుగుమందు, దాని పేరేంటో తొందరగా చెప్పయ్యా, డాక్టరుగారు అడుగుతున్నారు!"